మోకాలి నీరు

నొప్పి పైకి కనపడదు. మొదటి ఏడాదంతా నాకొచ్చిన చిక్కు అదే.

కుసుమంచిలో మిషను కుట్టుకునేదాన్ని. మిరపకోతలప్పుడు కూలికీ పోయేదాన్ని. పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారి ఉండేవి, పిడికిలి బిగిసేది కాదు. జాకెట్టుకు హుక్కులు కుడదామంటే సూది పట్టు దొరికేది కాదు. పది దాటాక మెల్లగా సడలేవి. ఆ సడలడమే నా మీదికి వచ్చింది. "పొద్దున పనప్పుడే దీనికి నొప్పులు, మధ్యాహ్నానికి బాగనే తిరుగుతది" అని మా అత్తమ్మ వాకిట్లో నలుగురి ముందూ అనేది. అరుగుదల నొప్పులు పని చేసేకొద్దీ పెరుగుతాయి, నాకొచ్చిన జబ్బులో కీళ్లు కదిలేకొద్దీ వదులవుతాయి. ఈ తేడా అప్పుడు మా ఇంట్లో ఎవరికి తెలుసు?

ఆరెంపీ డాక్టరు సూది వేస్తే వారం హాయిగా ఉండేది, ఆ తర్వాత అంతకంత తిరగబెట్టేది. గోంగూర మానమన్నారు, వంకాయ మానమన్నారు. అన్నీ మానాను. చికెన్‌గున్యా తాలూకు నొప్పులేమో అన్నారు. ఆ జ్వరం వచ్చి తగ్గినవాళ్లు కూడా నెలల తరబడి కీళ్లు పట్టుకుని కూర్చుంటారు కనక ఆ మాట కొట్టిపారేయలేం.

ఖమ్మంలో ఈఎస్ఆర్ చేశారు. సన్నటి గాజు గొట్టంలో రక్తం నిలబెట్టి గంటసేపు కదపకుండా వదిలేస్తారు. ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగితే అంత. ఒంట్లో వాపు ఉంటే రక్తంలో కొన్ని ప్రొటీన్లు పెరిగి, కణాలు ఒకదానికొకటి అంటుకుని తొందరగా దిగుతాయి. ఆడవాళ్లకు 20 దాకా మామూలట. నాకు 92 వచ్చింది. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చూసి, "ఇంతుందా!" అన్నాడు. నేను ఏడాదిగా చెప్తుంటే వినని మనిషి ఒక్క అంకె వినేసరికి నాకు కోపమే వచ్చింది. ఆ అంకె కూడా ఎన్నో రోజులు నిలవలేదు. రక్తం తక్కువున్నా ఈఎస్ఆర్ పెరుగుతుందని ఒక డాక్టరు ఐరన్ మాత్రలు రాసి పంపేశాడు. ఆయన అన్నది అబద్ధమేం కాదు, నాకు రక్తం తక్కువే.

ఆ లోపల కుడి మోకాలికి నీరు పట్టింది. మెట్టు ఎక్కలేను, బాసింపట్టు వేసుకోలేను. "నీరు తీయించుకుంటే గుజ్జు పోతది, కాలు పడిపోతది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు. భయపడుతూనే హైదరాబాద్ పోయాను.

కీళ్ల డాక్టరమ్మ మోకాలిచిప్ప పక్కన మందుతో తుడిచి, లావుపాటి సూది దించింది. లోపల ఏదో లాగినట్టయింది. సిరంజిలోకి పసుప్పచ్చటి నీరు మబ్బుమబ్బుగా ఎక్కింది. ఆమె ఒక చుక్కను సూది కొసన వేలాడదీసి చూపించింది. మంచి మోకాలి నీరు కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుందట. నాది టప్పున తెగి పడింది. ల్యాబులో తెల్లకణాలు లెక్కపెట్టారు. మామూలుగా 200 లోపు ఉండాల్సినవి 18,000 ఉన్నాయి. క్రిములు లేవు, గౌటు స్ఫటికాలు లేవు. రక్తంలో ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. వాపు ఉన్నప్పుడు కాలేయం తయారుచేసే సీఆర్పీ కూడా బాగా పెరిగి ఉంది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని రాసింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే జబ్బు.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని చీటీ మీద 'ఆదివారం' అని పెద్దక్షరాలతో రాసిచ్చింది. మర్నాడు ఫోలిక్ యాసిడ్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే 1940లలో అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలలో, ఈ రెండింటి మీదా పనిచేసింది. మొదటిది రెండోదాని పనికి అడ్డుపడే మందు. రెండూ ఒకరి చేతి మీదుగానే రావడం నాకిప్పటికీ విచిత్రమే.

మందు పట్టడానికి నెలలు పట్టింది. వికారం, జుట్టు ఊడటం, కాలేయం పరీక్షలు, అన్నీ మామూలే. సీఆర్పీ ముందు దిగింది, ఈఎస్ఆర్ తీరిగ్గా దాని వెనక. అప్పుడు ఇంట్లో కొత్త పాట మొదలైంది. "రిపోర్టు మంచిగనే ఉంది గదా, ఇంకేం నొప్పి?" అని. ఒకప్పుడు నా తరఫున మాట్లాడిన అంకెలే ఇప్పుడు నాకు ఎదురు తిరిగాయి. మణికట్టు అప్పటికే వంగిపోయింది. అరిగిన ఎముక మళ్లీ రాదు. రక్తపరీక్షలో అది కనపడదు, ఎక్స్‌రేలో కనపడుతుంది.

ఈ మాట డాక్టరమ్మతో అన్నాను. ఆమె ఎప్పటిలాగే 28 కీళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, ఎన్ని నొస్తున్నాయో, ఎన్ని వాచాయో రాసుకుంది. తర్వాత కాగితం మీద అడ్డగీత ఒకటి చూపించింది. ఒక కొస ఏ బాధా లేనట్టు, రెండో కొస భరించలేనట్టు. ఈ వారం ఎలా ఉన్నానో గుర్తు పెట్టమంది. ఆ గుర్తును కొలిచి ఈఎస్ఆర్‌తో, కీళ్ల లెక్కతో కలిపితేనే జబ్బు స్కోరు తేలుతుందట. మా ఆయన పక్కనే ఉన్నాడు. నేను పెన్ను తీసుకుని సగానికి కాస్త అవతల పెట్టాను. ఆ 28లో పాదాల కీళ్లు లేవు, నాకు ఇప్పుడు పాదాలే ఎక్కువ నొస్తున్నాయి అన్నాను. చెప్పులు విప్పమని, అవీ చూసింది.