రోజుకి పదమూడు ఫ్రేములు

మా వాడు ఇంటర్ సెకండియర్. ఇల్లు ఎల్బీనగర్‌లో, కోచింగ్ దిల్‌సుఖ్‌నగర్‌లో. అక్కడ మెట్రో దిగితే ఎటు చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. వాటిలో ఎప్పటికైనా మా వాడి ఫొటో చూడాలని మా వారి ఆశ. వాడేమో రాత్రిళ్ళు ఫోన్‌ని పుస్తకాలకి ఆనించి, మైనపు బొమ్మని ఇంత జరిపి ఒక ఫొటో, ఇంకాస్త జరిపి ఇంకో ఫొటో తీస్తుంటాడు. యానిమేషన్ చదువుతాడట. ఇంట్లో ఈ మాట ఎత్తితే చాలు, అన్నం దగ్గర మౌనమే.

మొన్న ఆదివారం పట్టుబట్టి ఇద్దరినీ కూర్చోబెట్టి ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ పెట్టించాడు. 1963 సినిమా, గ్రీకు పురాణ కథ. టాలోస్ అని ఒక కంచు రాక్షసుడు. వాడి ప్రాణం మడమలో ఉంటుంది, మన దుర్యోధనుడికి తొడలో ఉన్నట్టు. ఏడు తలల పాము చచ్చాక దాని పళ్ళని విత్తనాల్లా నేల మీద చల్లితే కత్తులు పట్టుకుని అస్థిపంజరాలు లేస్తాయి. నాకైతే రక్తబీజుడే గుర్తొచ్చాడు.

ఏడు అస్థిపంజరాలు, ముగ్గురు మనుషులు, కత్తియుద్ధం. ఈయన కుర్చీలో ముందుకి జరిగారు. "ఇదెలా తీశార్రా?" అన్నారు. ‘మాయాబజార్’లో లడ్లు ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరినప్పుడు తప్ప ఆయన అలా అడగడం నేను చూడలేదు.

రే హ్యారీహౌసెన్ అనే ఆయన ఒక్కడే ఆ బొమ్మల్ని చేత్తో కదిపాడట. రోజుకి పదమూడు ఫ్రేములు. సెకనుకి 24 కావాలి కదా, అంటే రోజంతా కష్టపడితే తెర మీద అర సెకను! ఆ ఒక్క సీనుకే నాలుగు నెలలు దాటింది.

"నాలుగు నెలలా? జీతమెవరిచ్చారు?" అన్నారు ఈయన. నవ్వాపుకోలేకపోయాను. ప్రశ్న న్యాయమైనదే లెండి. 1992లో ఆస్కార్ వాళ్ళు పిలిచి సత్కరించారని వాడు చెప్పినా, ఆయన మొహంలో పెద్ద మార్పు లేదు.

నా మనసు మాత్రం ఇంకో సంగతి దగ్గర ఆగిపోయింది. ఆ బొమ్మల లోపలి లోహపు కీళ్ళు చాలాకాలం వాళ్ళ నాన్నే చేసిచ్చాడట. ఆయన మెషినిస్టు. మొదట్లో బొమ్మలకి బట్టలు కుట్టింది వాళ్ళమ్మ. మన ఇళ్ళల్లో అయితే ‘ముందు డిగ్రీ, తర్వాత బొమ్మలు’ అంటాం. తప్పని నేననను, ఇంటి లోన్ కడుతున్న మనిషి భయం నాకూ తెలుసు.

ఈఏపీసెట్ రాయడానికి వాడు ఒప్పుకున్నాడు. యానిమేషన్ కోర్సు ఫీజెంతో కనుక్కోవడానికి ఈయన ఒప్పుకున్నారు. ఇంకా కనుక్కోలేదు.

నేను మిషన్ దుమ్ము దులిపి బ్లౌజు ముక్కల సంచీ తీశాను. వాడి బొమ్మకి పంచె కావాలట. మెత్తటి గుడ్డైతే ముట్టుకున్నప్పుడల్లా ముడత మారి సినిమాలో వణికినట్టు కనిపిస్తుందట, అందుకని గంజి పెట్టమన్నాడు. నిన్న రాత్రి అది ఆరేసి ఉంటే ఈయన చూసి, "ఇదెవరికే, ఇంత పంచె?" అన్నారు. చెప్పాను. "అంచు కూడా వెయ్యి మరి" అని వెళ్ళి పడుకున్నారు.