పేరులేని గాదె

బడిపిల్లల నోట విని నోటుపుస్తకాలలో వ్రాసుకొన్న మాండలిక పదాలను కంప్యూటరులోకి ఎక్కించడమే విశ్రాంత జీవితంలో నేను పెట్టుకొన్న పని. గేదె, బర్రె, ఎనుము వంటివి మూడువేలకు పైగా చేరాయి. పోస్ట్‌గ్రెస్‌ను డాకర్ కంటైనరులో నడపడం మా మేనల్లుడు నేర్పాడు. ఎక్కించిన పుస్తకాన్ని ఎక్కించినట్లే చిత్తుకాగితాలవానికి ఇచ్చివేశాను. అదే నా అవివేకం.

ఒకనాడు సంకేతపదం మార్చబోయాను. కుదరక, కంటైనరునే తొలగించి, అదే ఇమేజ్‌తో మరొకటి సృష్టించాను. తెరచి చూస్తే పట్టిక లేదు, పదం లేదు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇమేజ్ మూస వంటిది. కంటైనరు ఆ మూసలో పోసిన బొమ్మ. బొమ్మపై వ్రాసినది బొమ్మతోనే పోతుంది. నిలువవలసిన దత్తాంశాన్ని వెలుపల 'వాల్యూమ్'లో ఉంచాలి. రైతు మంచెను పని తీరగానే విప్పివేస్తాడు. పంటను గాదెలో పోస్తాడు గాని మంచెమీద దాచడు కదా!

అయితే పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ తన దత్తాంశ స్థానాన్ని వాల్యూముగా ముందే ప్రకటించి ఉంచుతుంది. మనం పేరు చెప్పకపోతే డాకరే ఒక అనామక వాల్యూమును కల్పిస్తుంది. కంటైనరును మామూలుగా తొలగిస్తే అది నశించదు, అనాథగా మిగులుతుంది. తొలగింపు ఆజ్ఞకు 'వి' అనే గుర్తు చేర్చి ఉంటే అదీ దక్కేది కాదు.

మరునాడు వాల్యూముల జాబితా తీశాను. అంకెలూ రోమను అక్షరాలూ కలిసిన 64 వర్ణాల పేర్లు రెండు కనిపించాయి. పాతదానిని కొత్త కంటైనరుకు తగిలించగానే నా పదాలన్నీ ప్రత్యక్షమయ్యాయి. చిత్రమేమంటే, పాత సంకేతపదమే చెల్లింది! కంటైనరును సృష్టించేటప్పుడు మనం ఇచ్చే సంకేతపదాన్ని ఈ ఇమేజ్ ఖాళీ నిల్వను తొలిసారి సిద్ధం చేసేటప్పుడు మాత్రమే పట్టించుకొంటుందట.

వెంటనే 'పదనిధి' అని పేరుపెట్టి ఒక వాల్యూమును సృష్టించి, అంతా అందులోకి చేర్చాను. తగిలించే చోటు మాత్రం చూసుకోవాలి: 17వ వెర్షను వరకు అది 'డేటా' అనే ఉపసంచయం, 18 నుండి దానికి పైనున్న 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' సంచయం.

వాల్యూము ఉన్నంతమాత్రాన నిశ్చింత లేదు. డిస్కు చెడితే గాదెతో సహా పోతుంది. అందుకే ప్రతి ఆదివారం 'పీజీ డంప్'తో నకలు తీసి వేరొకచోట దాస్తున్నాను.

ఏళ్ళ తరబడి నామవాచకం పాఠం చెప్పినవాణ్ణి. పేరు పెట్టకపోతే ఏమవుతుందో ఇప్పుడు నేర్చుకొన్నాను. మిగిలిన నోటుపుస్తకాలను మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు.