ఈత పెరిగే మేర

మీ ఊరు ఎంతమేర ఉందో పటం గీయండి అని మూడో తరగతి పిల్లలకు చెప్పాం. అందరూ బడి, గుడి, చెరువుకట్ట, బస్సు ఆగే చోటు గీశారు. మా వాళ్ల పాప ఒకతి మాత్రం వంక గీసింది. వంక వెంబడి ఈతచెట్లు గీసుకుంటూ పోయి, పావగడ పక్కనున్న వాళ్ల అవ్వ ఇంటి దగ్గర ఆపింది. కాగితం చాలకపోతే ఇంకోటి అతికించుకుంది. "అది కర్ణాటక కదమ్మా" అంటే, "మా అవ్వ పుల్లలు కోసేది ఆడనే కద సార్" అనింది. దిద్దడానికి తీసిన ఎర్ర పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాం.

మడకశిర చుట్టూ మూడు పక్కలా కర్ణాటకే. మేము ఎరుకలవాళ్లం. ఇక్కడ మేం ఎస్టీలం. ఎల్ల దాటితే మా వాళ్లనే కొరచ, కొరమ అంటారు, అక్కడ వాళ్లు ఎస్సీలు. ఇంట్లో మాట్లాడే భాష మాత్రం ఒకటే, తమిళానికి దగ్గరది. మడకశిరలో దాని మీద తెలుగూ కన్నడమూ రెండూ వచ్చి కూర్చున్నాయి.

ఆ పక్కనుంచి మా ఇంటికి కోడలిగా వచ్చిన మా తమ్ముని భార్య పది పాసైంది. ఇక్కడ ఒక ఉద్యోగానికి అర్జీ పెడితే కులపత్రం దగ్గర ఆగిపోయింది. అక్కడి ఎస్సీ పత్రం ఈ రాష్ట్రంలో రిజర్వేషన్‌కు పనికిరాదు. పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఎస్టీ రాదు. బిడ్డలు తండ్రిని బట్టి ఎస్టీలు, తల్లికి ఏదీ లేదు. "బస్సులో వచ్చేటప్పుడు యాడన్నా జారిపోయిందేమో బావా" అని నవ్వింది. మేం నవ్వలేకపోయాం.

మా పెద్దలకు ఎల్లతో ఇంకో పాత పగ ఉంది. బ్రిటిష్ కాలపు నేరస్థ జాతుల చట్టం కింద పేరు నమోదైనవాడు ఊరు దాటాలంటే చీటీ చూపించాలి. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది గానీ, ఊరు దాటేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు మా నాయన తరం దాకా ఉండేది.

నీరు పారే తీరు, మట్టి, చెట్టుచేమ, వాటితో బతకడం నేర్చుకున్న మనుషులు, ఇవన్నీ కలిస్తేనే ఒక ప్రాంతం అని 1970లలో అమెరికాలో పీటర్ బెర్గ్, రేమండ్ డాస్‌మన్ రాశారు. దాన్ని బయోరీజియన్ అన్నారు. టీచర్ ట్రైనింగులో మాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. తర్వాతెప్పుడో చదివినప్పుడు ఆ పాప అతికించిన కాగితమే గుర్తొచ్చింది. అమరాపురం మండలంలోని హేమావతి వెయ్యేళ్ల కిందట నొళంబుల రాజధాని. ఇప్పటి తుమకూరు, చిత్రదుర్గ, అనంతపురం నేలలు అప్పుడు ఒకే నొళంబవాడిలో ఉండేవి. జయమంగళి ఇప్పటికీ తుమకూరు జిల్లా దేవరాయనదుర్గ కొండల్లో పుట్టి, పరిగి దగ్గర పెన్నలో కలుస్తుంది. 2022లో మమ్మల్ని అనంతపురం నుంచి తీసి శ్రీ సత్యసాయి జిల్లాలో వేశారు. బోర్డులకు కొత్త రంగు పడింది. అంతే.

మా మేర తెలియాలంటే మా ఆడవాళ్ల చేతులు చూడాలి. ఈతమట్ట కోసేటప్పుడు మొవ్వు జోలికి పోరు, చుట్టూ ముదిరినవే కోస్తారు. మొవ్వు తెగితే చెట్టు చస్తుందని ఐదేళ్ల పిల్లకూ తెలుసు. పట్టుపురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలు కూడా మా వాళ్లు అల్లినవే. ఇప్పుడు వాటి బదులు ప్లాస్టిక్‌వి వచ్చాయి. వంకల్లో ఇసుక ఎత్తుకుపోయారు, ఇసుకతోపాటు ఈతచెట్లూ పోయాయి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి పిల్లల తలల మీద గంపలు పెట్టి ఊరేగిస్తాం. చప్పట్లు కొడతారు, ఫోటోలు తీస్తారు. పోయినసారి ఆ గంపలు ఎక్కడివని ఒక అవ్వ అడిగింది. సంతలో కొన్నవి. అల్లింది ఎవరో మాకు తెలియదు. అవ్వ ఒక గంపను తిప్పి అడుగు చూసి, ఏమీ అనకుండా కింద పెట్టింది. సంస్కృతి అని మైకులో ఎంత చెప్పినా ఆ అవ్వ ముందు మా మాట చెల్లలేదు.

ఈత తిరిగి రాదా అంటే, వస్తుంది. మన జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ చుట్టుపక్కల ఊళ్లతో కలిసి కల్పవల్లి అనే చోట బోడికొండలకు నిప్పూ గొడ్డలీ తగలకుండా కాపలా పెట్టింది. కాపలా ఉన్నచోట గడ్డి లేచింది, వంకల వెంబడి ఈత లేచింది. డబ్బు కంటే ఓపిక ఎక్కువ ఖర్చైన పని అది.

మేమూ పోయిన వానకాలం పిల్లలతో వంక గట్టున ఈత గింజలు పెట్టించాం. మేకలు మిగిల్చినవి పదకొండు. పుల్ల కోతకు వచ్చేసరికి ఈ పిల్లలు కాలేజీ దాటిపోతారు. ఆ పాప పటం తరగతి గోడ మీదే ఉంది. మొన్న రెండో కాగితం అంచు ఊడితే, మా మరదలు మైదాపిండి ఉడకేసి గిన్నెతో పంపింది.