హల్క్ గొప్పా, థోర్ గొప్పా

థోర్ బలవంతుడా, హల్క్ బలవంతుడా అని వీధిలో పిల్లలు రెండు జట్లుగా చీలిపోయి అరుచుకుంటున్నారు. థోర్ చెవిన ఆ గోల పడింది. వాళ్ళ దగ్గరికొచ్చి, ఒకసారి తానూ హల్కూ తలపడ్డ ముచ్చట చెప్పడం మొదలుపెట్టాడు. 1965 జనవరి తేదీతో వచ్చిన 'జర్నీ ఇంటూ మిస్టరీ' 112వ సంచిక కథ ఇది. రాసింది స్టాన్ లీ, బొమ్మలు జాక్ కిర్బీవి.

థోర్‌కి సుత్తితోనే చిక్కు. అది చేతిలో ఉండగా గెలిస్తే గొప్పంతా సుత్తిదంటారు. వదిలేసి నిమిషం దాటితే థోర్ థోరే కాదు, కుంటికాలి డాక్టర్ అయిపోతాడు. అందుకని తండ్రి ఓడిన్‌ని వేడుకుంటాడు, ఉత్త చేతులతో కొట్లాడే వరమివ్వమని. ఓడిన్ ఐదంటే ఐదు నిమిషాలు గడువిస్తాడు. ఆ ఐదు నిమిషాలూ ఇద్దరూ ఎడాపెడా కుమ్ముకుంటారు. ఎవరు గెలిచారో తేలదు. పిల్లల తగువు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. ఆ పిల్లలు పాఠకులేనని వేరే చెప్పాలా? తగువు తీరిపోతే వచ్చే నెల పుస్తకం ఎవరు కొంటారు?

ఎవరు బలవంతుడన్న ప్రశ్న స్టాన్ లీని జీవితాంతం వదల్లేదు. రాసేవాడు ఎవర్ని గెలిపించాలనుకుంటే వాడే గెలుస్తాడని ఆయన నవ్వుతూ తేల్చేసేవాడు. నిజమే. కానీ నిజం అంతేనా అని నా అనుమానం. రచయిత ఇష్టమే చాలే పనైతే, కొన్ని గెలుపుల్ని చదివి ఈలలేసిన పాఠకుడే ఇంకొన్నిటిని చదివి పుస్తకం ఎందుకు విసిరికొడతాడు? గెలిపించే హక్కు రచయితకుంది, కాదనను. ఆ గెలుపుకి కట్టాల్సిన మూల్యం కట్టాడా ఎగ్గొట్టాడా అన్నది మాత్రం పాఠకుడు పేజీ పేజీకీ లెక్క చూస్తూనే ఉంటాడు.

కర్ణుడా అర్జునుడా అనే వాదన వింటూ పెరిగిన మనకి ఈ లెక్కలు కొత్త కావు. ఉద్యోగపర్వంలో భీష్ముడు రెండు వైపుల వీరుల్నీ వరసపెట్టి ఎవరు రథుడో, ఎవరు అతిరథుడో దుర్యోధనుడికి చెప్తాడు. కర్ణుడి దగ్గరికొచ్చేసరికి అర్ధరథుడని తీసిపారేస్తాడు. ద్రోణుడు సరేనంటాడు. కర్ణుడికి ఒళ్ళు మండి, ఈ ముసలాయన పడేదాకా ఆయుధం పట్టనని కూర్చుంటాడు. పది రోజుల యుద్ధం కర్ణుడు లేకుండానే నడిచిపోతుంది. బలాల పట్టిక అంటే అలా ఉండాలి. ఒకణ్ణి తక్కువ చేసి చూపితే కథే దారి మళ్ళింది.

మార్వెల్ వాళ్ళ పట్టిక ఎవర్నీ నొప్పించకుండా రాసింది. 1983 జనవరి తేదీతో 'అఫీషియల్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ది మార్వెల్ యూనివర్స్' రావడం మొదలైంది. దాని వెనకున్న మనిషి మార్క్ గ్రూన్‌వాల్డ్, అభిమానుల్లోంచి ఎదిగి ఎడిటరైనవాడు. ఎవరు ఎన్ని టన్నులు ఎత్తగలరో అందులో రాసి ఉంటుంది. స్పైడర్‌మ్యాన్ పది టన్నులు. వంద టన్నులు దాటినవాళ్ళంతా 'క్లాస్ 100'. థోర్ అందులోనే, హల్క్ అందులోనే, హెర్క్యులీస్ కూడా అందులోనే. ఇరవై ఏళ్ళుగా పిల్లలు కొట్టుకుంటున్నది సరిగ్గా ఆ వంద దాటినవాళ్ళ గురించే కదా! వాళ్ళందర్నీ ఒకే గదిలో పెట్టి తలుపేసేశారు. రెండేళ్ళు తిరక్కుండానే 'సీక్రెట్ వార్స్' నాలుగో సంచికలో జిమ్ షూటర్ అదే హల్క్ భుజాల మీద 15,000 కోట్ల టన్నుల కొండ పెట్టాడు. మిగతా హీరోలంతా ఆ కొండ కింద ఇరుక్కుని ఉంటే, హల్క్‌కి బలం తగ్గకుండా ఉండటానికి వాళ్ళలో ఒకడైన రీడ్ రిచర్డ్స్ కావాలని వాణ్ణి మాటలతో గిల్లుతూ ఉంటాడు. కోపం పెరిగేకొద్దీ బలం పెరుగుతుందన్నది హల్క్ కథకి ప్రాణం. అలాంటివాడికి టన్నుల లెక్క కట్టడమే తప్పు.

గ్రూన్‌వాల్డ్ మీద నాకు చిరాకేమీ లేదు. ఆయన 1996లో పోయాడు. ఆయన రాసిన 'స్క్వాడ్రన్ సుప్రీమ్' సంకలనాన్ని 1997లో అచ్చేసినప్పుడు, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని సిరాలో కలిపారు. కామిక్స్‌ని అంతగా ప్రేమించినవాడు బలాలు కొలిచాడంటే, కొలవడంలోనూ ఒక భక్తి ఉందనుకోవాలి.

కొలతలు అదుపు తప్పడానికి సూపర్‌మ్యాన్‌ని మించిన సాక్ష్యం లేదు. 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ పుట్టించినప్పుడు అతనికి ఎగరడం రాదు. గెంతేవాడు, అదీ మైలులో ఎనిమిదో వంతు. ఇరవై అంతస్తుల మేడ దాటేవాడు. పేలే ఫిరంగి గుండైతే చర్మంలో దిగుతుంది. తర్వాత ఎగిరాడు, కళ్ళతో నిప్పు కురిపించాడు, గ్రహాల్ని పక్కకి నెట్టాడు. 1961లో ఒక కథలో తుమ్మితే ఏకంగా ఒక సౌరకుటుంబమే ఎగిరిపోయింది. మనుషులు లేని సౌరకుటుంబం చూసుకుని మరీ తుమ్మాడు పాపం, మర్యాదస్తుడు. అలాంటివాడికి శత్రువుని తేవడం ఎలా? అందుకే క్రిప్టనైట్ వచ్చింది, ముందు 1943లో రేడియో నాటకంలో, 1949లో కామిక్స్‌లో. అది మరీ ఎక్కువైపోయి 1971లో డెన్నీ ఓనీల్ భూమ్మీదున్న క్రిప్టనైట్ మొత్తాన్నీ ఇనుము చేసేశాడు, సూపర్‌మ్యాన్ బలాన్నీ తగ్గించాడు. తర్వాత వచ్చినవాళ్ళు రెంటినీ మళ్ళీ తెచ్చారు. 1986లో జాన్ బర్న్ ఇంకోసారి తగ్గించాడు. ఈ ఆటుపోట్ల మధ్య చెక్కుచెదరకుండా నిలబడ్డ విలన్ ఎవరయ్యా అంటే లెక్స్ లూథర్. సూపర్‌మ్యాన్ చిటికెన వేలితో తోస్తే పడిపోయే బట్టతల పెద్దమనిషి. లోకంలోకెల్లా బలవంతుడికి బలంలేనివాణ్ణి ఎదురు నిలబెట్టడం కామిక్స్ చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

జపాన్‌లో అకిరా తోరియామా బలం కొలవడాన్ని ఇంకో దారిలో పరీక్షించి చూశాడు. 'డ్రాగన్ బాల్' విలన్లు కంటికి పెట్టుకునే యంత్రం ఎదుటివాడి బలాన్ని అంకెల్లో చెప్పేస్తుంది. తుపాకి పట్టుకున్న రైతుకి ఆ యంత్రం 5 చూపిస్తే, కొన్ని సంపుటాలు తిరిగేసరికి ఫ్రీజా నోట 5,30,000 వినబడుతుంది. మధ్యలో ఆ యంత్రాలు తట్టుకోలేక పేలిపోతుంటాయి కూడా. ఆ తర్వాత ఆయన అంకెల జోలికి పెద్దగా పోలేదు. బుద్ధిమంతుడు.

మరి బలాన్ని చూపించడం ఎలా? నా మటుకు నాకు జవాబు స్టీవ్ డిట్కో గీసిన కొన్ని పేజీల్లో ఉంది. 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 33వ సంచిక, 1966 ఫిబ్రవరి. నీటి అడుగున డాక్టర్ ఆక్టోపస్ స్థావరం. స్పైడర్‌మ్యాన్ మీద ఒక రైలింజిన్ అంత ఇనుప యంత్రం కూలిపడి ఉంది. పైకప్పు చిల్లుపడి నీళ్ళు కారుతున్నాయి. ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్న మే పిన్నికి కావాల్సిన మందు డబ్బా ఎదురుగా, చేతికి అందనంత దూరంలో పడి ఉంది. ఎత్తబోతాడు, కదలదు. మళ్ళీ ప్రయత్నిస్తాడు, కళ్ళు తిరుగుతాయి. పిన్నీ బాబాయిల మొహాలు తలమీద తేలుతాయి. ఇరుకు ప్యానెళ్ళలో ముడుచుకుని ఉన్న మనిషి వీపు అంగుళం అంగుళం లేస్తుంటే, ప్యానెళ్ళు కూడా ఒక్కొక్కటీ పెద్దవవుతుంటాయి. ఆఖరికి పేజీ మొత్తం ఒకే బొమ్మ, యంత్రం తలపైకి లేచి ఉంటుంది.

ఆ యంత్రం బరువెంతో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. హ్యాండ్‌బుక్ చెప్పిన పది టన్నులకి లోబడి ఉందా లేదా అని ఎవరూ అడగరు. ఎందుకంటే ఎత్తడానికి ఎంత కష్టమైందో మన కళ్ళే చూశాయి, అన్ని పేజీలు మనం కూడా దాని కిందే ఉన్నాం. ఎత్తాక కూడా డిట్కో అతన్ని వదల్లేదు. దెబ్బతిన్న కాలితో, నీళ్ళలో కొట్టుకుపోతూ, ఆక్టోపస్ మనుషులతో ఒళ్ళు హూనమై పోరాడాకే ఆ మందు ఆస్పత్రికి చేరుతుంది.

పేజీ కొలతతో బలం చూపించే విద్యని 1992లో సూపర్‌మ్యాన్ బృందం తిరగేసి వాడుకుంది. డూమ్స్‌డే వచ్చాడు. ఒక చెయ్యి వెనక్కి కట్టేసి ఉండగానే జస్టిస్ లీగ్‌ని చావగొట్టాడు. ఇంకేం చెప్పనవసరం లేదు, వాడెవడో మనకి తెలిసిపోయింది. ఆ పోరు నాలుగు పత్రికల్లో సాగింది. ఒకదాంట్లో పేజీకి నాలుగు ప్యానెళ్ళు, తర్వాతదాంట్లో మూడు, ఆ తర్వాత రెండు. డాన్ జర్గెన్స్ గీసిన చివరిది, 'సూపర్‌మ్యాన్' 75వ సంచిక, పేజీకొక్కటే. ఇద్దరూ చచ్చేదాకా. కథగా అది పెద్ద గొప్పదని నేననను, డూమ్స్‌డేకి పిడికిలి తప్ప మనసు లేదు. కానీ దెబ్బ బరువు పెరుగుతోందని కాగితం మీద అంత సులువుగా చెప్పినవాళ్ళు తక్కువ.

ఇక స్పైడర్‌మ్యాన్ తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవాళ్ళని గెలిచిన రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి. 1982లో రోజర్ స్టెర్న్, జాన్ రొమిటా జూనియర్ కలిసి చేసిన కథలో జగర్‌నాట్ సముద్రంలోంచి నడుచుకుంటూ న్యూయార్క్‌లోకి వస్తాడు. ఒకసారి అడుగేశాడంటే ఆపే శక్తి లేదు. స్పైడర్‌మ్యాన్ గూడు అల్లుతాడు, వాడు తెంచుకుపోతాడు. దొరికిందల్లా ఎత్తి కొడతాడు, వాడు తల కూడా తిప్పడు. పెట్రోల్ ట్యాంకర్‌ని తెచ్చి గుద్దితే, మంటల్లోంచి మామూలుగా నడిచొస్తాడు. చివరికి దారిలేక వాడి భుజాలెక్కి కళ్ళు మూస్తాడు. వాడు గుడ్డిగా నడిచి నడిచి, కొత్త భవనానికి అప్పుడే పోసిన పునాది కాంక్రీట్‌లో దిగిపోతాడు. స్పైడర్‌మ్యాన్ బలం రవ్వంత కూడా పెరగలేదు, జగర్‌నాట్ బలం రవ్వంత కూడా తగ్గలేదు. ఆపలేనివాణ్ణి ఆపలేదసలు, వాడి నడకనే వాడికి గొయ్యి చేశాడు.

మూడేళ్ళకి, 1985లో, టామ్ డిఫాల్కో, రాన్ ఫ్రెంజ్‌ల కథ. ఈసారి ఎదుటివాడు ఫైర్‌లార్డ్, గ్రహాల్ని మింగే గెలాక్టస్ దగ్గర పనిచేసినవాడు. సిల్వర్ సర్ఫర్ చేసిన ఉద్యోగమే. ఊరంతా తరుముతాడు, స్పైడర్‌మ్యాన్ పరిగెత్తి పరిగెత్తి విసిగిపోయి, తిరిగి నిలబడి పిడిగుద్దులు మొదలుపెడతాడు. అవెంజర్స్ వచ్చేసరికి ఫైర్‌లార్డ్ స్పృహ తప్పి ఉన్నాడు, ఇతను ఇంకా గుద్దుతూనే ఉన్నాడు. నలభై ఏళ్ళయినా అభిమానులు ఈ కథని క్షమించలేదు. నేను సగం క్షమించాను. పారిపోవడం ఆపినవాడి కసి అందులో ఉంది, అది చదవడానికి బాగుంటుంది. కానీ ఆ గుద్దులకి ఫైర్‌లార్డ్ ఎందుకు పడ్డాడో కథకే తెలీదు. ట్యాంకర్‌కి తల తిప్పని జగర్‌నాట్ ఇంకా జగర్‌నాట్‌గానే ఉన్నాడు. ఫైర్‌లార్డ్ మాత్రం ఆ రోజు నుంచి స్పైడర్‌మ్యాన్ చేతిలో తన్నులు తిన్నవాడుగా మిగిలిపోయాడు.

కొత్త విలన్ ఎంతటివాడో చెప్పాలంటే పాత వస్తాదుని వాడిచేత కొట్టించడం తేలికైన మార్గం. 2018లో 'ఇన్ఫినిటీ వార్' సినిమా మొదట్లోనే థానోస్ హల్క్‌ని చితకబాదాడు. తెలుగులో ఆ థానోస్‌కి గొంతు రానాది, దాంతో మనవాళ్ళకి ఆ దెబ్బలు ఇంకాస్త గట్టిగా వినబడ్డాయి. 1991లో జిమ్ స్టార్లిన్ రాసిన 'ఇన్ఫినిటీ గాంట్లెట్' కామిక్‌లో అయితే చిక్కు ఇంకా పెద్దది. ఆరు మణులున్న థానోస్ దేవుడితో సమానం, యుద్ధం అరక్షణం కూడా సాగకూడదు. స్టార్లిన్ ఏం చేశాడంటే, మెఫిస్టో చేత థానోస్ చెవిలో ఒక మాట వేయించాడు: కొంచెం అవకాశమిచ్చి గెలిస్తేనే నువ్వు ప్రేమించే మృత్యుదేవి మెచ్చుకుంటుంది. వాడు ప్రేమకోసం తన బలాన్ని తానే తగ్గించుకున్నాడు. హీరోలందరూ కూలిపోయాక కెప్టెన్ అమెరికా ఒక్కడే ఎదురెళ్ళి నిలబడతాడు, పెడచేతి దెబ్బకి పోతాడు. ఎవరూ ఆ బలాల లెక్క గురించి గొడవ చెయ్యలేదు, బలం తగ్గడానికి కారణం పాత్రలోనే ఉంది కాబట్టి.

కారణం పాత్రలోంచి కాక బయటనుంచి వస్తే ఏమవుతుందో 1996లో చూశాం. మార్వెల్, డీసీ హీరోల్ని కలిపి కొట్టించిన ధారావాహికలో ఐదు పోరాటాల ఫలితాన్ని పాఠకుల ఓట్లకి వదిలేశారు. సూపర్‌మ్యాన్ హల్క్‌ని, బ్యాట్‌మ్యాన్ కెప్టెన్ అమెరికాని గెలిచారు. మల్టీస్టారర్ తీసే మన దర్శకులు ఇద్దరి అభిమానుల మధ్య పడే అవస్థంతా ఆ పుస్తకాల్లో కనబడుతుంది. లోబో మీద వుల్వరిన్‌కి ఓట్లొచ్చాయి. లోబో అంటే సూపర్‌మ్యాన్‌తో కలబడగలవాడు. ఎలా గెలిపించాలి? ఇద్దరూ బార్ కౌంటర్ వెనక్కి పడ్డారు, మనకేమీ కనబడలేదు, కాసేపటికి వుల్వరిన్ లేచాడు. ఎగ్గొట్టారని అందరికీ తెలుసు, కాకపోతే చమత్కారంగా ఎగ్గొట్టారు.

బలమంటే పిడికిలి ఒక్కటే కాదని బాగా తెలిసినవాడు డాక్టర్ డూమ్. వాడి సొత్తు పరువు. 1981లో ఒక ఎక్స్-మెన్ కథలో ఆర్కేడ్ అనే చిల్లర విలన్ డూమ్ కవచం మీద అగ్గిపుల్ల గీసి వెలిగించుకుంటాడు. డూమ్ ఊరుకుంటాడు. ఒక్క ప్యానెల్, ఎవరికీ దెబ్బ కూడా తగల్లేదు. కానీ ఆ రోజుల్లో 'ఫెంటాస్టిక్ ఫోర్' రాస్తున్న జాన్ బర్న్‌కి అది మింగుడుపడలేదు. 1983లో తన కథలో తేల్చేశాడు: అక్కడున్నది అసలు డూమ్ కాదు, రోబో. అంతటితో ఆగక, యజమాని పరువు తీసినందుకు డూమ్ చేత ఆ రోబోని ముక్కలు చేయించాడు.