టిన్‌కప్ దారిలో టూ స్ట్రోక్ పొగ

జూలైలో కొలరాడో వెళ్తున్నామంటే ఇక్కడ డల్లాస్‌లో స్నేహితురాళ్ళంతా కొండల ఫొటోలు పంపమన్నారు. మేమేమో ట్రక్కు వెనక మావాడి డర్ట్ బైక్ కట్టుకుని టేలర్ పార్క్‌కి బయలుదేరాం. మావాడికి పదిహేనేళ్ళు. బండి పాత 125 సీసీ టూ స్ట్రోక్, కార్బ్యురేటర్ ఉన్న రకం. వాడు దాని మీద కూర్చున్నప్పుడల్లా నా ప్రాణం నా దగ్గర ఉండదు. అయినా వద్దనలేదు. వద్దంటే నాకు తెలియకుండా నడుపుతాడు, అంతే కదా!

బ్యూనా విస్టాలో రాత్రి ఆగి, పొద్దున్నే కాటన్‌వుడ్ పాస్ ఎక్కాం. 12,126 అడుగుల ఎత్తు. 2019లో పడమటి వైపు కూడా తారు వేశారు కాబట్టి ప్రయాణం సుఖంగానే ఉంది. పైన కారు దిగి నాలుగడుగులు వేస్తే మాత్రం ఆయాసం. అవతలికి దిగగానే విశాలమైన లోయ, మధ్యలో నీలంగా టేలర్ పార్క్ రిజర్వాయర్. అక్కడ కూడా 9,300 అడుగులు. మట్టిరోడ్డు మీద ఇంకాస్త పైకి పోతే టిన్‌కప్, ఒకప్పటి గనుల ఊరు. చుట్టుపక్కల అడవిలో డర్ట్ బైకులకి అనుమతి ఉన్న సన్నని దారులు.

టెంట్ వేసి, నేను గిన్నెలో అన్నం పెట్టాను. మావాడు బండి స్టార్ట్ చేశాడు. డల్లాస్‌లో గయ్యిమనే బండి ఇక్కడ బుడబుడమంటూ ఒకటే పొగ. యాక్సిలరేటర్ తిప్పితే ముందుకి లాగదు. ప్లగ్గు విప్పితే నల్లగా, తడిగా ఉంది. ఆ పొగ వాసనకి నాకు తెనాలిలో నాన్నగారి స్కూటర్ గుర్తొచ్చింది. పక్కకి వంచి కిక్కు కొట్టడం, ప్లగ్గుని గరుకు కాగితంతో రుద్దడం... ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

"ఇంత పొగంటే ఆయిల్ ఎక్కువైందన్నమాట. ఈసారి సగమే కలుపుదాం" అన్నారు మావారు.

"ఏవండీ, ఆగండి. ఆయిల్ ముట్టుకోకండి" అన్నాను. ఎందుకో నాకప్పుడే స్పష్టంగా తెలియదు. స్టవ్ దగ్గరికి వెళ్ళి చూస్తే నీళ్ళు కుతకుతలాడుతున్నాయి కానీ మెతుకు ఉడకలేదు. అప్పుడు వెలిగింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ఏడు పాళ్ళే. నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నం ఉడకనిదీ, బండి పొగ చిమ్మిందీ ఒకే కారణానికి!

కార్బ్యురేటర్‌లో జెట్ అంటే సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క. పెట్రోల్ అందులోంచే కొలతగా వెళ్తుంది. డల్లాస్ గాలికి సరిపోయిన రంధ్రం ఇక్కడి పలచని గాలికి పెద్దదైపోతుంది. పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. మార్చాల్సింది జెట్, ఆయిల్ కాదు.

ఆయిల్ తగ్గిస్తే ఏమవుతుంది? టూ స్ట్రోక్ ఇంజన్‌కి విడిగా ఆయిల్ తొట్టి ఉండదు. పిస్టన్‌కీ బేరింగులకీ పెట్రోల్‌లో కలిపిందే దిక్కు. అది చాలకపోతే పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. కొండదారిలో అలా జరిగితే... ఆ వాక్యం నేను పూర్తి చేయలేదు. మావారు కొలత గ్లాసు కింద పెట్టేశారు.

పొగ తగ్గాలంటే ముందు చూసుకోవాల్సింది ఆయిల్ రకం. డబ్బా వెనక జాసో ఎఫ్‌డి అని ఉందేమో చూడండి. శుభ్రంగా మండటంలో ఎఫ్‌బి, ఎఫ్‌సిల కంటే అది పై మెట్టు. మంచి సింథటిక్ ఆయిల్ పొగ, మసి తక్కువగా వదులుతుంది. సరస్సుల దగ్గర దుకాణాల్లో దొరికే టీసీ-డబ్ల్యూ3 పడవ ఇంజన్లది, చల్లని నీటితో నడిచేవాటి కోసం. దాన్ని ఇలాంటి బండిలో పోయకండి. మేం కలిపేది 32కి 1, అంటే గ్యాలన్ పెట్రోల్‌కి 4 ఔన్సులు. ఊరు మారినా ఆ కొలత మారదు. ఇంకో సంగతి, కొలరాడో బంకుల్లో రెగ్యులర్ అంటే 85 ఆక్టేన్. మన దగ్గర 87 కదా. బండి మాన్యువల్ ఎంత అడిగితే అంతే పోయించండి.

ఇంజన్ చల్లారాక, స్టవ్ ఆర్పేసి, పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బ్యురేటర్ అడుగున బోల్టు తీశాం. మావారు జెట్‌ల డబ్బా తేవడం మంచిదైంది. మెయిన్ జెట్ చిన్నది వేసి, నీడిల్ క్లిప్పు ఒక గాడి పైకి జరిపాం. కాస్త నడిపించి ప్లగ్గు చూస్తే ఇంకా నలుపే. ఇంకో సైజు తగ్గించాం. ఈసారి కాఫీపొడి రంగు. అదే కావాలి. తెల్లబడితే మాత్రం పెట్రోల్ చాలట్లేదని, అది ఇంకా ప్రమాదం.

మూడు రోజులూ మావాడు తండ్రి వెంట పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. అక్కడ వేసవిలో మధ్యాహ్నమైతే ఉరుములు, మెరుపులు. గయ్యిమనే ఆ చప్పుడు చెట్ల వెనక నుంచి వినబడేదాకా నేను టీ తాగలేదు.

బయలుదేరే ముందు హ్యాండిల్‌కి టేపు అంటించి రాశాను: "పెద్ద జెట్ వేయకుండా స్టార్ట్ చేయకూడదు." కొండ మీద సరిపోయిన చిన్న జెట్ డల్లాస్‌లో ఇంజన్‌ని మాడ్చేస్తుంది. ఎక్కేటప్పుడు మర్చిపోతే పొగే వస్తుంది, దిగాక మర్చిపోతే పిస్టనే పోతుంది.

"అమ్మా, నీకివన్నీ ఎలా తెలుసు?" అన్నాడు దారిలో.

"నేను బీఎస్సీ రా, ఫిజిక్స్, కెమిస్ట్రీ."

వాడు కాసేపు నన్నే చూశాడు. పదిహేనేళ్ళలో ఆ మాట వాడికి నేనెప్పుడూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చాక గరాజ్‌లో జెట్ వాడే మార్చాడు. నేను టార్చి పట్టుకున్నాను.