మొదటి ఆప్షన్ ఎవరిది?

2020లో మా పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. తెలంగాణలో డిగ్రీ సీట్లను 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ విధానంలో కేటాయిస్తున్నారు. ఆ ఏడాది 'టీ యాప్ ఫోలియో' మొబైల్ యాప్‌లోనూ నమోదుకు వీలు కల్పించారు. విద్యార్థి సెల్ఫీని ఇంటర్ బోర్డు వద్దనున్న ఫోటోతో పోల్చి, ఆ యాప్ మనిషిని గుర్తిస్తుంది. ఆదిలాబాద్‌లోని మా ఇంట్లో కూర్చునే పని ముగిసినందుకు సంతోషించాను.

తరువాత వెబ్ ఆప్షన్లు. కావలసిన కళాశాలలను, కోర్సులను వరుసగా పెడితే, మార్కులకు అందే వాటిలో అన్నిటికంటే పైనున్న సీటు లభిస్తుంది. అంటే, ఆ వరుసే కీలకం. ఫోన్ నాది, ఓటీపీ వచ్చేదీ నాకే. కరీంనగర్‌లో మైక్రోబయాలజీ చదవాలని ఉందని అమ్మాయి వాళ్ల అమ్మతో అన్నది. అక్కడ మా చెల్లెలి ఇల్లు కూడా ఉంది. అయినా దూరమన్న భయంతో, ఆమెను అడగకుండానే ఊళ్లోని కళాశాలలో మరో గ్రూపును మొదట పెట్టాను. అదే వచ్చింది. నేను మిఠాయి పంచాను. ఆమె "మంచిది అబ్బా" అని ఊరుకున్నది. బుద్ధిగా చదివి ఉత్తీర్ణురాలైంది. ఆ మౌనాన్ని నేను అంగీకారమనుకున్నాను.

ఈ ఏడాది చిన్నమ్మాయి వంతు. నేను ఫోన్ చేతిలోకి తీసుకోగానే పెద్దమ్మాయి మెల్లగా, "అబ్బా, ఈసారి చెల్లిని అడిగి పెట్టండి" అన్నది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

దివ్య ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే 'అష్షూరా', అంటే సంప్రదింపు. ఇల్లు కట్టినా, సంబంధం చూసినా పదిమందితో మష్వరా చేసే నేను, కూతురి చదువు గురించి కూతురినే అడగలేదు.

ఆ రాత్రి అందరం ఒక నోటుబుక్కు ముందు కూర్చున్నాం. కోర్సు, ఫీజు, హాస్టల్, బస్సు ప్రయాణం అన్నీ రాసుకున్నాం. నా భయాలు నేను చెప్పాను, తన కోరిక తాను చెప్పింది. ఖర్చు చూసి ఒక కళాశాలను తానే కిందికి దించింది. ఇస్తిఖారా నమాజు చేసి, మరునాడు తానే ఆప్షన్లు నింపింది. సీటు వచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది పోతుందని నేను గుర్తుచేశాను. నా వంతు పని అదే.

తల్లిదండ్రులారా! ఓటీపీ మన ఫోన్‌కే రావచ్చు. ఆప్షన్ల వరుస మాత్రం బిడ్డను అడిగి పెట్టండి.