ఓర్పనగా నేమి?

అమెరికాలోని బాల్టిమోరు నగరమున నుద్యోగము చేయు మా తమ్ముడు అచటి ఓరియోల్స్ అను బేస్‌బాల్ జట్టునకు గొప్ప యభిమాని. 2021లో 162 ఆటలలో 110 ఓడిన యా జట్టు, పడుచువాండ్ర బలముచే 2023లో 101 గెలిచెను. కాని పిమ్మటి తుదిపోటీలలో టెక్సస్ రేంజర్సుతో మూడాటలును, 2024లో కాన్సస్ సిటీ రాయల్సుతో రెండాటలును వరుసగా నోడెను. అంతట అభిమానులు రెండు పక్షములైరి. "పసివారు, వేచియుందము" అని కొందఱు. "వీరిలో కొందఱ నిచ్చివేసి, బంతి విసరుటలో చేయితిరిగినవారిని దెచ్చుకొందము" అని కొందఱు.

మా తమ్ముడు రెండవ పక్షము. మావారు బడిపంతులు గనుక, ఏడాది చదువును ఒక్కనాటి పరీక్షతో తూచరాదనిరి. మేమును వారినే సమర్థించితిమి. కాని 2025లో ఆ జట్టు 75 ఆటలే గెలిచి, ఐదు జట్ల విభాగమున కడపటిదయ్యెను. తమ్ముడు టెలిఫోనులో "అక్కా, ఇప్పుడేమందువు?" అనగా మాకు మాట తోచలేదు.

యోచించి చూడగా లోపము ఇరుపక్షములందును గలదు. లేతకాయను నొక్కిచూచి, పండలేదని పాఱవేయుట తగదు. వేళకు నీరుపోయక, అదియే పండునని కూర్చుండుటయు తగదు. ఓర్పనగా ఊరకుండుట కాదు. సోదరీమణులారా, బిడ్డలను బెంచు మనకీ మాట తెలియనిది కాదు, తెలిసియు మఱచునదే.